ఉన్మాదమునకు మందు అన్నము: డాక్టరు జోసెఫ్ గోల్డ్‌బర్గర్

ఛాందోగ్యోపనిషత్తులో ఒక చక్కని కథ కలదు. మనస్సు అన్నమయమని ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువునకు బోధించెను. ఇంకను విశదముగా చెప్పుమని కుమారుడు వేడెను. అప్పుడు తండ్రి అతనిని 15 దినములు అన్నము మాని నీరు మాత్రమే త్రాగుచు ఉండుమని ఆదేశించెను. గడువు ముగిసిన పిమ్మట వేదములు వినిపింపుమనగా శ్వేతకేతువునకు ఒక్క ఋక్కైనను జ్ఞప్తికి రాలేదు. భోజనము చేసి వచ్చిన తరువాత అన్నియు వరుసగా గుర్తునకు వచ్చెను. మనస్సునకును అన్నమునకును గల బంధమును మన పూర్వులు ఈ విధముగా గ్రహించిరి. ఆ బంధమునే ఆసుపత్రులలో, అనాథ శరణాలయములలో, చెరసాలలో, నూలుమిల్లుల పల్లెలలో లెక్కలు కట్టి నిరూపించిన వైద్యుడొకడు ఇరువదవ శతాబ్దారంభమున అమెరికాలో ఉండెను. ఆయనయే డాక్టరు జోసెఫ్ గోల్డ్‌బర్గర్.

పెల్లాగ్రా అను వ్యాధి పేరు నేటి విద్యార్థులలో అనేకులు విని యుండరు. ఒకప్పుడు ఆ పేరు చెప్పినంతనే ఇటలీలోను, స్పెయిన్‌లోను, అమెరికా దక్షిణ రాష్ట్రములలోను పేదల గుండెలు అదరెడివి. మొదట చేతుల మీదను, పాదముల మీదను, మెడచుట్టును ఎండ తగులు చోట్ల చర్మము కమిలి, నల్లబడి, పొలుసులుగా రాలును. తరువాత నోరు పూసి, నాలుక మంటలెత్తి, విరేచనములు పట్టుకొనును. అటుపిమ్మట మనస్సు చెదరును. రోగి నిద్రకు దూరమై దిగులు చెందును, లేనివి ఉన్నట్లు చూచును, తనవారిని గుర్తింపలేడు, కొందరు ప్రాణములు తీసికొనుటకైనను వెనుదీయరు. ఆ మీదట మరణమే శరణ్యము. 1735లో స్పెయిన్ దేశపు వైద్యుడు గాస్పర్ కసాల్ ఈ వ్యాధిని తొలిసారిగా వర్ణించెను. 1771లో ఇటలీ వైద్యుడు ఫ్రాంచెస్కో ఫ్రపోలి దీనికి పెల్లాగ్రా అను పేరు పెట్టెను. గరుకు చర్మమని ఆ పేరునకు అర్థము. పేరు చర్మమునుబట్టి వచ్చినను, ఈ వ్యాధిగ్రస్తులు పెక్కుమంది కడకు చేరిన చోటు పిచ్చి ఆసుపత్రియే.

ఉన్మాదమునకు కారణమేమి అను ప్రశ్న మానవజాతి యంత పురాతనమైనది. భూతావేశమని కొందరు, దైవకోపమని కొందరు, పాపఫలమని కొందరు భావించిరి. మన చరకసంహిత వాత పిత్త కఫ దోషముల వలన జనించు ఉన్మాదమును వేరుగను, వెలుపలి శక్తుల వలన వచ్చు ఉన్మాదమును వేరుగను చెప్పినది. పాశ్చాత్య దేశములలో 19వ శతాబ్దమున మనోవ్యాధులు మెదడు వ్యాధులే అను అభిప్రాయము బలపడెను. 1913లో హిడెయో నోగూచి, మూర్ అను శాస్త్రజ్ఞులు ఒక రకమైన ఉన్మాదముతో మరణించిన రోగుల మెదడులో సవాయి వ్యాధి క్రిమిని చూపిరి. దానితో ఉన్మాదమునకు శరీరముననే మూలము వెదకవలెనను వాదమునకు గొప్ప బలము చేకూరెను. కాని శరీరమున మూలమున్నదనుట తోడనే సమస్య తీరదు. ఆ మూలము క్రిమియా? వంశమునుండి వచ్చిన లోపమా? లేక తిను తిండియా? ఈ మూడింటిలో ఏది నిజమో తేల్చుటయే గోల్డ్‌బర్గర్ జీవితకార్యమైనది.

ఆయన 1874 జూలై 16వ తేదీన ఆనాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యములోని గిరాల్ట్ అను చిన్న యూరులో ఒక యూదు కుటుంబమున జన్మించెను. ఆ యూరు నేడు స్లొవాకియా దేశములో నున్నది. 1883లో తలిదండ్రులు బిడ్డలను వెంటగొని అమెరికాకు వలసపోయి న్యూయార్కు నగరపు తూర్పు భాగమున, పేద వలసజనులు క్రిక్కిరిసి యుండు పేటలో కాపురము పెట్టిరి. తండ్రి చిల్లర దుకాణము నడపెను. బాలుడైన జోసెఫ్ సరకులు ఇంటింటికి చేరవేయుచు చదువుకొనెను. పేదవాని వంటింటిలో ఏమి యుండునో, ఏమి యుండదో ఆయనకు బాల్యముననే తెలిసెను.

మొదట ఆయన ఇంజనీరు కావలెనని న్యూయార్కు సిటీ కాలేజీలో చేరెను. ఒకనాడు బెల్వ్యూ వైద్య కళాశాలలో ఆస్టిన్ ఫ్లింట్ అను ఆచార్యుని ఉపన్యాసము వినుట తటస్థించెను. ఆ ఉపన్యాసము ఆయన మార్గమునే మార్చెను. గణితమును విడిచి వైద్యమును చేపట్టి 1895లో పట్టము పొందెను. రెండేండ్లు పెన్సిల్వేనియా రాష్ట్రములో సొంత వైద్యము చేసెను గాని ఆ జీవితము ఆయనకు రుచింపలేదు. 1899లో ప్రభుత్వ ఆరోగ్యశాఖలో చేరెను. ఓడలలో వచ్చు వలసజనులను పరీక్షించుట తొలి ఉద్యోగము. తరువాత అంటువ్యాధి ఎక్కడ చెలరేగిన అక్కడికి ఆయనను పంపుచు వచ్చిరి. ఆయనయు వెనుదీయక పోవుచు వచ్చెను. పచ్చజ్వరమును శోధింపబోయి ఆ జ్వరమునే తెచ్చుకొనెను. డెంగీ జ్వరమును, టైఫస్ జ్వరమును సైతము స్వయముగా అనుభవించెను. 1909లో ఫిలడెల్ఫియా ప్రాంతమున ఒక వింత దద్దురు వ్యాపింపగా, గడ్డి పరుపులలోనే కారణ మున్నదని అనుమానించి, తన చేతిని పరుపు నడుమ నుంచి పరీక్షించి, కంటికి ఆనని ఒక చిన్న పురుగును పట్టుకొనెను.

1906లో ఆయన మేరీ ఫరార్ అను యువతిని వివాహమాడెను. ఆమె న్యూ ఆర్లియన్స్ నగరపు క్రైస్తవ కుటుంబమునకు చెందినది. అంతర్యుద్ధకాలమున దక్షిణ రాష్ట్రముల అధ్యక్షుడైన జెఫర్సన్ డేవిస్‌కు బంధువు. మతములు వేరగుటచే ఇరువైపుల పెద్దలకును ఈ వివాహము సమ్మతము కాలేదు. ఐనను ఆ దాంపత్యము చెక్కుచెదరక నిలిచెను. భర్త నెలల తరబడి ప్రయాణములలో నుండగా నలుగురు బిడ్డలను పెంచుచు ఆమె చూపిన ఓర్పు సామాన్యము కాదు. ఆమె చూపిన సాహసము అంతకంటె గొప్పది. ఆ సంగతి ముందు తెలియగలదు.

1906లో అలబామా రాష్ట్రములోని ఒక ఉన్మాద వైద్యశాలలో పెల్లాగ్రా విజృంభించి పలువురిని బలిగొనెను. కొద్ది యేండ్లలోనే దక్షిణ రాష్ట్రములన్నిటను ఆ వ్యాధి వేలకొలది ఇండ్లలో ప్రవేశించెను. వైద్యులలో ఎవరి మాట వారిది. మొక్కజొన్నలు బూజుపట్టి విషమగుటయే కారణమని ఇటలీలో లొంబ్రోజో చెప్పియుండెను. ఒక జాతి దోమవంటి యీగ కారణమని ఇంగ్లండులో సాంబన్ చెప్పెను. పెద్ద విచారణసంఘమొకటి అమెరికాలో ఇంటింటి లెక్కలు తీసి ఇది అంటువ్యాధియే యని అభిప్రాయపడెను. ప్రజలు భయపడి రోగులను వెలివేసిరి. ఆసుపత్రులలో నర్సులు సేవ చేయ నిరాకరించిరి. ఇట్టి స్థితిలో 1914లో ఆరోగ్యశాఖ అధిపతి రూపర్ట్ బ్లూ ఈ పరిశోధన భారమును గోల్డ్‌బర్గర్‌పై నుంచెను.

ఆయన ప్రయోగశాలకు పోలేదు. రైలెక్కి దక్షిణ రాష్ట్రములలోని పిచ్చి ఆసుపత్రులకు, అనాథ శరణాలయములకు పోయెను. సూక్ష్మదర్శినిలో చూడకముందు కంటితో చూడవలెనన్నది ఆయన పద్ధతి. ప్రతిచోటను ఒక్క విషయమే ఆయన దృష్టిని ఆకర్షించెను. రోగులలో పెల్లాగ్రా పెచ్చుపెరిగి యున్నది. రాత్రింబవళ్లు వారిని అంటిపెట్టుకొని యున్న పరిచారకులలో ఒక్కరికైనను లేదు. అంటువ్యాధియే యైనచో క్రిములకు రోగి యనియు, ఉద్యోగి యనియు భేదముండునా? అనాథ శరణాలయములలోను ఇట్టి విచిత్రమే కనుపించెను. ఆరేండ్లలోపు పసివారికి వ్యాధి అరుదు. పండ్రెండేండ్లు దాటిన పిల్లలకును అరుదు. నడిమి వయస్సు వారికే అధికము. ఆయన పడకగదులను విడిచి భోజనశాలలో ప్రవేశించెను. పసివారికి పాలు పోయుచుండిరి. పెద్ద పిల్లలు పనిచేయువారు గనుక వారికి కొంత మాంసము దొరకుచుండెను. నడిమివారు పనికి రారు, పసివారును కారు. వారి పళ్లెములో మొక్కజొన్న పిండి వంటకము, బెల్లపు పాకము తప్ప వేరేమియు లేదు. ఉన్మాద వైద్యశాలలలోని రోగుల భోజనమును ఇట్టిదే. అక్కడికి వచ్చిన తరువాతనే పెల్లాగ్రా పట్టుకొన్నవారు అనేకులుండిరి. అనగా, పిచ్చి కుదుర్చుటకు కట్టిన భవనమే ఒక కొత్త పిచ్చిని పుట్టించుచుండెను.

కారణము తిండియే యని తోచినంతనే ఆయన దానిని పరీక్షకు పెట్టెను. మిసిసిపి రాష్ట్రములోని జాక్సన్ పట్టణమున రెండు అనాథ శరణాలయములలో 1914లో 200 మందికి పైగా పిల్లలు ఈ వ్యాధితో బాధపడుచుండిరి. ప్రభుత్వ ధనముతో పాలు, గ్రుడ్లు, మాంసము, చిక్కుడు గింజలు, బఠాణీలు తెప్పించి వారికి పెట్టించెను. ఇంకే మార్పును చేయలేదు, మందు ఇయ్యలేదు, పడకలు మార్పలేదు. మరుసటి యేడు వసంతము వచ్చెను. ఏటేట తిరిగి వచ్చు ఆ వ్యాధి ఆ యేడు ఒక్కరికి మాత్రమే తిరిగి వచ్చెను. జార్జియా రాష్ట్రపు ఉన్మాద వైద్యశాలలో రెండు వార్డుల రోగులకు ఇదే విధమైన భోజనము పెట్టగా వారిలో ఒక్కరికిని వ్యాధి మరల రాలేదు. పాత భోజనముతోనే యున్న ఇతర రోగులలో దాదాపు సగముమందికి తిరిగి వచ్చెను.

మంచి తిండి వ్యాధిని మాన్పునని తేలెను. చెడు తిండి వ్యాధిని తెచ్చునని కూడ తేలవలెను గదా! దానికై ఆయన మిసిసిపి గవర్నరు ఎర్ల్ బ్రూవర్‌తో మాటలాడి, 1915లో రాంకిన్ చెరసాల క్షేత్రమున కొందరు ఖైదీలను ప్రయోగమునకు కూర్చుకొనెను. వారు ఆరోగ్యవంతులు. ప్రయోగము ముగిసిన వెంటనే క్షమాభిక్షతో విడుదల యను వాగ్దానముపై వారు సమ్మతించిరి. మొక్కజొన్న పిండి, మైదాపిండి, వరియన్నము, చిలగడదుంపలు, పాకము మొదలగువానితో కడుపునిండ భోజనము పెట్టిరి. ఆకలికి లోటు లేదు. పాలు, మాంసము, గ్రుడ్లు మాత్రము లేవు. ఆరు నెలలు గడచునప్పటికి 11 మందిలో ఆరుగురికి పెల్లాగ్రా లక్షణములు పొడసూపెను. నేటి వైద్యనీతి ఇట్టి ప్రయోగమును అంగీకరింపదు. విడుదల ఆశ చూపి ఖైదీని ఒప్పించుట నిజమైన సమ్మతి కాజాలదు. గోల్డ్‌బర్గర్ జీవితమున ఈ ఘట్టమును ప్రశంసతో పాటు ఈ ఎరుకతోను చదువవలసి యున్నది.

ఇంత చేసినను ప్రతిపక్షులు అంగీకరింపలేదు. అంటువ్యాధి వాదము వీడనివారు కొందరు. అదే సమయమున మరియొక వాదము తలయెత్తెను. వంశశుద్ధి వాదమునకు నాయకుడైన చార్లెస్ డావెన్‌పోర్టు పెల్లాగ్రా కుటుంబముల వంశవృక్షములు గీయించి, 1916లో ఈ వ్యాధి పట్టుటకు వంశదోషము ముఖ్యకారణమని ప్రకటించెను. తల్లికి వచ్చినది, బిడ్డకు వచ్చినది. కనుక రక్తములోనే లోపమున్నదని ఆయన తర్కము. తల్లియు బిడ్డయు ఒకే కుండలోనిది తినుచున్నారన్న సంగతి ఆ తర్కమునకు అందలేదు. ఈ భేదము కేవలము పండితుల వివాదము కాదు. వంశదోషమే కారణమని నమ్మినచో ప్రభుత్వము చేయవలసినది ఏమియు లేదు. తిండియే కారణమని నమ్మినచో పాలు పోయించవలసిన బాధ్యత ఉన్నది.

అంటువ్యాధి వాదమునకు గోల్డ్‌బర్గర్ ఇచ్చిన సమాధానము వినుటకే జుగుప్స కలిగించును. 1916లో ఆయనయు, ఆయన సహచరులును రోగుల రక్తమును తమ శరీరములలో ఎక్కించుకొనిరి. రోగుల ముక్కు, గొంతు స్రావములను పూసికొనిరి. రాలిన చర్మపు పొలుసులను, మలమూత్రములను పిండిలో కలిపి మాత్రలుగా చేసి మ్రింగిరి. అనేక పర్యాయములు జరిగిన ఈ పరీక్షలలో 16 మంది పాల్గొనిరి. వారిలో ఒక్కతె స్త్రీ. ఆమె మేరీ గోల్డ్‌బర్గర్. రోగి రక్తమును ఆమెయు తన దేహమున ఎక్కించుకొనెను. ఎవరికిని పెల్లాగ్రా రాలేదు. అంటువ్యాధియే యైనచో వీరిలో ఒక్కరికైనను రావలసి యుండెను.

తిండి కారణమని తెలిసినది. మరి ఆ తిండి అట్లు ఉండుటకు కారణమేమి? ఈ ప్రశ్న వేసి నందుననే గోల్డ్‌బర్గర్ సామాన్య వైద్యులకంటె ఎత్తున నిలిచెను. ఎడ్గర్ సైడెన్‌స్ట్రికర్ అను ఆర్థికశాస్త్రజ్ఞునితో కూడి, దక్షిణ కరోలినా రాష్ట్రములోని ఏడు నూలుమిల్లు గ్రామములలో ఇంటింటికి తిరిగి, ఆదాయమెంత, ఏమి కొనిరి, ఎంత తినిరి, ఎవరికి వ్యాధి వచ్చినది అను లెక్కలు తీయించెను. ఆదాయము తగ్గిన కొలది వ్యాధి పెరిగినట్లు ఆ లెక్కలు చూపెను. ఊరిచుట్టును పాలు, కూరగాయలు అమ్మువారు లేనిచోట వ్యాధి మఱింత హెచ్చు. దక్షిణ రాష్ట్రములలో భూమియంతయు ప్రత్తియే. కౌలురైతు ఇంటి గడప వరకు ప్రత్తియే వేయవలెను. ఆవునకు మేత లేదు, పెరటికి చోటు లేదు. పంట చేతికి వచ్చువరకు భూస్వామి దుకాణములో అప్పుగా దొరకునది మొక్కజొన్న పిండి, పంది కొవ్వు, పాకము. ఆ మూడింటితోనే ఏడాది గడుపవలెను. ఆ విధముగా ప్రత్తి ధరకును పిచ్చి ఆసుపత్రికిని నడుమ ఒక దారి ఏర్పడినది.

1920లో ప్రత్తి ధర పడిపోయెను. పెల్లాగ్రా పెరుగునని గోల్డ్‌బర్గర్ హెచ్చరించెను. 1921లో అధ్యక్షుడు హార్డింగ్ దక్షిణమున కరవు, వ్యాధి ఉన్నవని చెప్పి సహాయమునకై పిలుపునిచ్చెను. దక్షిణ నాయకులు కృతజ్ఞత చూపుటకు బదులు ఆగ్రహించిరి. తమ ప్రాంతమునకు అపకీర్తి కలుగుననియు, పెట్టుబడులు రావనియు వారి బాధ. కరవు లేదనిరి, వ్యాధియు లేదనిరి. ఆకలి ఉన్నదని ఒప్పుకొనుట ఆకలికంటె అవమానముగా తోచు నాయకులు అన్ని దేశములలోను ఉందురు.

పేదరికమును తొలగించుట వైద్యుని చేతిలో లేదు. అందుచే చౌకగా దొరకు మందుకొరకు ఆయన వెదకెను. కుక్కలకు వచ్చు నల్లనాలుక వ్యాధి పెల్లాగ్రాతో సమానమైనదని గుర్తించి, వానిపై పరీక్షలు చేసి, సారాయి బట్టీలలో వాడు ఈస్టు ఆ వ్యాధిని మాన్పునని కనుగొనెను. ఇది మిక్కిలి చౌక. 1927లో మిసిసిపి నదికి మహావరద వచ్చి లక్షలాది ప్రజలు నిరాశ్రయులైనప్పుడు రెడ్‌క్రాస్ వారు ఆయన సలహాపై ఈస్టును పంచిపెట్టిరి. ఆ పొడి పలువురిని కాపాడెను. ఆహారములో పెల్లాగ్రాను అడ్డుకొను పదార్థమొకటి ఉన్నదని ఆయన నిర్ధారించెను గాని, దాని స్వరూపమును తెలిసికొనుటకు కాలము ఆయనకు అవకాశమీయలేదు. మూత్రపిండమున పుట్టిన పుట్టకురుపుతో 1929 జనవరి 17వ తేదీన, 54వ యేట, వాషింగ్టన్ నగరమున ఆయన కన్నుమూసెను. చితాభస్మమును పోటోమాక్ నదిలో కలిపిరి.

ఆయన వెదకిన పదార్థమును 1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కాన్రాడ్ ఎల్వెహ్జెమ్ కనుగొనెను. అది నికొటినిక్ ఆమ్లము. నేడు దానినే నియాసిన్ అందురు. విచిత్రమేమనగా, కాజిమిర్ ఫంక్ అను శాస్త్రజ్ఞుడు బెరిబెరి వ్యాధికి మందు వెదకుచు చాల యేండ్లకు ముందే తవుడునుండి ఈ పదార్థమును తీసియుండెను; బెరిబెరికి అది పనిచేయకపోవుటచే ప్రక్కన పెట్టెను. 1938లో వైద్యులు దీనిని పెల్లాగ్రా రోగులకు ఇచ్చి చూచిరి. తమ పేరు మరచి, గోడలతో మాటలాడుచు పడియున్న రోగులు కొందరు కొన్ని దినములలోనే తెలివి తెచ్చుకొని తమవారిని పేరుపెట్టి పిలిచిరి. 1906 మొదలు 1940 వరకు అమెరికాలో సుమారు 30 లక్షల మందికి పెల్లాగ్రా వచ్చెననియు, లక్షమంది మరణించిరనియు అంచనా. అంతటి వ్యాధి పిండిలో ఈ విటమిను కలుపుటచేతను, జీవనస్థితులు మెరుగగుటచేతను కొలది యేండ్లలో అణగిపోయెను.

మొక్కజొన్నకు జన్మస్థానమైన మెక్సికోలో ఈ వ్యాధి ఏల లేదను ప్రశ్నకు కూడ సమాధానము దొరకెను. అక్కడి స్త్రీలు అనాదిగా మొక్కజొన్నలను సున్నపు నీటిలో ఉడికించి రుబ్బుదురు. గింజలో బంధింపబడి యున్న నియాసిన్ ఆ సున్నముచే విడివడి దేహమునకు అందును. యూరపువారు గింజను తెచ్చుకొనిరి గాని ఆ వంటవిద్యను తెచ్చుకొనలేదు.

ఈ కథకు మన దేశముతోను సంబంధము కలదు. కూనూరులోని పోషకాహార పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలి వచ్చెను. 1969నుండి దానికి జాతీయ పోషకాహార సంస్థ యని పేరు. దక్కను పీఠభూమిలో జొన్నలే ముఖ్యాహారముగా గల పేదలలో పెల్లాగ్రా కనుపించుటను డాక్టరు సి. గోపాలన్, డాక్టరు ఎస్. జి. శ్రీకంఠయ్య అచట పరిశీలించి 1960లో ప్రకటించిరి. జొన్నలో అధికముగా నుండు ల్యూసిన్ అను పదార్థము కారణమై యుండునని వారు భావించిరి. ఆ భావనపై శాస్త్రజ్ఞులలో చర్చ నడచినది. ఇందు జొన్నకు వచ్చిన నింద ఏమియు లేదు. పప్పు, పాలు, ఆకుకూరలతో తిన్న జొన్నరొట్టె ఎవరికిని కీడు చేయదు. జొన్న తప్ప మరేమియు దొరకని దారిద్ర్యమే కీడు.

పెల్లాగ్రా కథను జూచి మనోవ్యాధులన్నియు విటమిను మాత్రతో పోవునని భ్రమపడరాదు. దీర్ఘకాలిక మనోవ్యాధులలో అనేకములకు ఇంత సూటియైన కారణము దొరకలేదు. వంశము, మెదడు నిర్మాణము, జీవితానుభవములు, పరిసరములు కలిసి వానిని కలిగించునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఐనను గోల్డ్‌బర్గర్ నేర్పిన పాఠము రెండు విధముల శాశ్వతమైనది. మనస్సు చెదరినవానిని పాపి యని వెలివేయుటకు ముందు, శాపగ్రస్తుడని విడిచిపెట్టుటకు ముందు, వాని దేహమును శ్రద్ధతో పరీక్షింపవలెను. దేహమున లోపము కనుపించిన పిమ్మట అక్కడితో ఆగక, ఆ లోపము ఏ యింటినుండి, ఏ పొలమునుండి, ఏ కూలి లెక్కనుండి వచ్చినదో విచారింపవలెను. పాఠశాలలో పాఠము తలకెక్కక మందకొడిగా కూర్చుండు బాలుని మందమతి యని పిలుచుటకు ముందు, ఆ యుదయము వాడు ఏమి తిని వచ్చెనో అడుగు ఉపాధ్యాయుడు గోల్డ్‌బర్గర్ మార్గముననే నడచుచున్నాడు.